పరిశోధనా సౌకర్యాల గ్రాంట్లు - అధ్యాపక నియామకాలు: మన కర్తవ్యం

(ఫెడరేషన్ విద్యారంగ శాఖ నిర్వహించిన కార్యకర్తల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిక్షణ తరగతులలో నాకు అప్పగించిన విషయం పైకి చూడడానికి మన ఉద్యమానికి దూరమైనదిగా కనిపించవచ్చు. పరిశోధనా సౌకర్యాల కోసం విశ్వవిద్యాలయాలు కేంద్ర ప్రభుత్వ శాఖలకు దరఖాస్తు పెట్టుకోవడం ఆచార్యులు, ఉపకులపతులు, ఆర్థికాధికారులు చూసుకునే వ్యవహారం కదా, అందులో కార్మిక సంఘానికి ఏమి పని అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. ప్రశ్న సహేతుకమైనదే. దానికి సమాధానం చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఇటువంటి దరఖాస్తులలో ఒక మాట తప్పక ఉంటుంది: యువ ప్రతిభను ఆకర్షించడానికి, ఉన్న అధ్యాపకులను నిలుపుకోవడానికి ఈ సౌకర్యాలు అవసరం అని. ఆ మాట అబద్ధం కాదు. ప్రయోగశాల లేని చోటికి మంచి శాస్త్రజ్ఞుడు రాడు, వచ్చినా నిలువడు. కాని ఆ వ్యక్తి వచ్చి కూర్చోవలసిన శాశ్వత ఉద్యోగం మాత్రం ఆ దరఖాస్తులో కనిపించదు. యంత్రానికి పద్దు ఉన్నది. దానిపై పనిచేసే అధ్యాపకునికి, దానిని నడిపే సాంకేతిక సిబ్బందికి పద్దు లేదు. ఈ రెండింటినీ కలిపి అడిగే శక్తి విశ్వవిద్యాలయంలో ఎవరికి ఉన్నది? ఏ ఒక్క శాఖాధిపతికీ లేదు, సంఘటితమైన సిబ్బందికి మాత్రమే ఉన్నది. అందువల్లనే ఇది మన విషయం.

మనుషులు ముందు వచ్చిన కాలం

విశ్వవిద్యాలయాలకు మంచి అధ్యాపకులు ఎలా వస్తారు అన్న ప్రశ్నకు తెలుగునాట చక్కని చరిత్ర ఉన్నది. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు 1926లో ఏర్పడింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి ఉపకులపతి. 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ బాధ్యత వహించారు. ఆ సంవత్సరాలలోనే భౌతికశాస్త్రానికి సూరి భగవంతం గారు, రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి గారు వాల్తేరు వచ్చారు. భగవంతం గారికి అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. శేషాద్రి గారు ముప్పైలలో ఉన్నారు. పేరుప్రతిష్ఠలు వచ్చేంతవరకు వేచి, ఆ తరువాత పిలిచిన పద్ధతి కాదది. వయసులో ఉన్నవారికి బాధ్యతగల ఉద్యోగాలు ఇచ్చి, వారి చుట్టూ ప్రయోగశాలలు పెరగనిచ్చిన పద్ధతి. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారి విరాళాలు శాస్త్ర సాంకేతిక కళాశాలకు ఆసరా అయ్యాయి. ధనం వచ్చింది, ఆ ధనాన్ని ఉపయోగించే మనుషులు కూడా ఉన్నారు.

తరువాత ఏమి జరిగిందో కూడా చూడాలి. 1940వ దశకం చివర భగవంతం గారు వెళ్ళిపోయారు. అనంతరం ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 1949లో శేషాద్రి గారు ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. పెద్దలు వెళ్ళినంత మాత్రాన ఆ శాఖలు కూలిపోలేదు. రసాయనశాస్త్రంలో ఎల్. రామచంద్రరావు గారి వంటివారు ఆ కృషిని వాల్తేరులోనే కొనసాగించారు. గురువులు ఒకరిద్దరు కదిలినా శిష్యులకు స్థిరమైన స్థానం ఉన్నందువల్ల పరంపర నిలిచింది. అధ్యాపకులను నిలుపుకోవడం అంటే ఏ ఒక్క ప్రముఖుడూ కదలకుండా చూడడం కాదని, ఒకరు వెళితే మరొకరు అందుకొనే ఏర్పాటు ఉండడమని ఈ చరిత్ర తెలుపుతున్నది.

ఇక రెండవ ఉదాహరణ. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1960వ దశకం చివర హైదరాబాదుకు దూరంగా జపాల్-రంగాపూర్ వద్ద వేధశాల నెలకొల్పింది. అందులోని 48 అంగుళాల దూరదర్శిని అప్పటికి దేశంలో పెద్ద పరికరాలలో ఒకటి. 1980 ఫిబ్రవరి 16న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుండి పరిశీలించారు. తరువాతి దశాబ్దాలలో ఆ వేధశాల క్షీణించింది. అక్కడి పరిశీలనలు ఆగిపోయిన తీరును పత్రికలు పలుమార్లు వెల్లడించాయి. కారణాలు అనేకం ఉండవచ్చును. కాని ఎంత గొప్ప దూరదర్శిని అయినా తనంతట తాను ఆకాశాన్ని చూడదు. రాత్రి మేల్కొని చూసేవారు, పగలు మరమ్మతు చేసేవారు, ఏటేటా దాని ఖర్చు భరించేవారు ఉండాలి.

పథకాల స్వరూపం

విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 1953లో ప్రారంభమై 1956 చట్టంతో శాసనబద్ధమైంది. 1960వ దశకంలో ఆ సంఘం ఎంపిక చేసిన శాఖలను ఉన్నత అధ్యయన కేంద్రాలుగా గుర్తించి సహాయం చేసింది. పంచవర్ష ప్రణాళికలు ఉన్నంతకాలం ప్రతి ప్రణాళికలోనూ విశ్వవిద్యాలయాలకు అభివృద్ధి గ్రాంటు అనేది ఒకటి ఉండేది. అది చాలినంత ఉండేదని నేను అనను. కాని అందులో భవనం, పరికరం, ఉద్యోగం ఒకే ప్రతిపాదనలో అడిగే వీలు ఉండేది. ఐదేళ్ళ తరువాత ఆ ఉద్యోగాల భారాన్ని రాష్ట్ర ప్రభుత్వం స్వీకరించాలన్న ఒడంబడిక కూడా ఉండేది. 12వ పంచవర్ష ప్రణాళిక 2017 మార్చితో ముగిసింది. దానితో పంచవర్ష ప్రణాళికల వ్యవస్థే ముగిసింది.

ఆ స్థానాన్ని క్రమంగా పోటీ పథకాలు ఆక్రమించాయి. శాస్త్ర సాంకేతిక శాఖ 2000-01లో ఆరంభించిన ఫిస్ట్ పథకం వాటిలో ముఖ్యమైనది. శాఖలకు మౌలిక పరిశోధనా సదుపాయాలు సమకూర్చడం, నూతన ప్రతిభను ఆకర్షించడం దాని ప్రకటిత లక్ష్యాలు. పరికరాలు, ప్రయోగశాలల మరమ్మతు, కంప్యూటర్ల వసతి, నిర్వహణ దానిలోని పద్దులు. ఉద్యోగుల జీతాలు ఆ పద్దులలో లేవు. 2009లో పర్స్ పథకం వచ్చింది. విశ్వవిద్యాలయం నుండి వెలువడిన పరిశోధనా పత్రాల సంఖ్య, వాటిని ఇతరులు ఎంతగా ఉదహరించారు అన్న లెక్క దానికి ప్రాతిపదిక. 2013లో రూసా వచ్చింది. దానిలో సాధారణ రాష్ట్రాలకు కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరించే పద్ధతి స్థిరపడింది. ఆ పథకం ఒక మంచి మాట చెప్పింది: నిధులు కావాలంటే అధ్యాపక నియామకాలపై ఉన్న నిషేధాన్ని రాష్ట్రాలు ఎత్తివేయాలి అని. ఆ షరతును గట్టిగా పట్టుకొని అడిగినవారు తక్కువ. 2023లో అది పి.ఎం. ఉషగా రూపాంతరం చెందింది. 2023-24 నుండి 2025-26 వరకు మూడేళ్ళకు దానికి కేటాయించిన మొత్తం 12,926 కోట్ల రూపాయలు. ఎంపికైన 35 విశ్వవిద్యాలయాలకు ఒక్కొక్కదానికి 100 కోట్ల వంతున ఇచ్చే విభాగం అందులో ఉన్నది.

అదే 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధనా ప్రతిష్ఠానం చట్టం వచ్చింది. 2023 నుండి 2028 వరకు ఐదేళ్ళలో 50,000 కోట్ల వ్యయం అని ఆ సందర్భంలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అందులో కేంద్ర బడ్జెటు నుండి వచ్చేది 14,000 కోట్లు. మిగిలినది పరిశ్రమలు, దాతలు మొదలైన ప్రభుత్వేతర వనరుల నుండి రావాలని అంచనా. మన దేశం పరిశోధనపై చేసే మొత్తం వ్యయం 2020-21లో స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే అన్న సంగతి ఈ అంకెల పక్కన పెట్టి చూసుకోవాలి.

ఇతర దేశాలలో ఎలా ఉన్నదో కూడా ఒక మాట. కెనడాలో 1997లో నవకల్పనల కోసం ఒక ప్రతిష్ఠానం ఏర్పడింది. ప్రతిభావంతులైన అధ్యాపకులను రప్పించి నిలుపుకోవడానికే దానిలో జాన్ ఆర్. ఎవాన్స్ పేరిట ప్రత్యేక నిధి ఉన్నది. సౌకర్యం ఖర్చులో 40 శాతం వరకు ఆ ప్రతిష్ఠానం ఇస్తుంది. మిగిలినది రాష్ట్రం, విశ్వవిద్యాలయం, ఇతరులు భరించాలి. గమనించవలసినవి రెండు. మొదటిది, ఫలానా అధ్యాపకుడు లేదా అధ్యాపకురాలి కోసం అని విశ్వవిద్యాలయం పేరు చెప్పి అడగాలి. అంటే మనిషికి స్థానం ముందే నిర్ణయమై ఉంటుంది. రెండవది, తాను ఇచ్చిన మొత్తంలో 30 శాతానికి సమానమైన సొమ్మును నడుపుదల, నిర్వహణల కోసం ఆ ప్రతిష్ఠానం అదనంగా ఇస్తుంది. ఆ దేశాన్ని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. యంత్రాన్నీ మనిషినీ నిర్వహణనూ కలిపి ఆలోచించడం ఆచరణ సాధ్యమేనని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఉన్నవారికే మరింత

మన పథకాలలో మంజూరు ఎలా జరుగుతుంది? శాఖలో శాశ్వత అధ్యాపకులు ఎందరు, వారు ప్రచురించిన పత్రాలు ఎన్ని, డాక్టరేటు పొందిన విద్యార్థులు ఎందరు, ఇంతకుముందు తెచ్చిన ప్రాజెక్టులు ఎన్ని అని దరఖాస్తులో అడుగుతారు. జాతీయ ర్యాంకులలో పైన ఉన్న సంస్థను కేంద్రంగా చేసుకొని మిగతావాటిని దాని చుట్టూ అనుబంధంగా చేర్చే పద్ధతిని కొత్త ప్రతిష్ఠానం అనుసరిస్తున్నది.

ఇప్పుడు ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయ శాఖను ఊహించండి. పన్నెండు ఉద్యోగాలు మంజూరై ఉన్నాయి. పదవీ విరమణలు జరిగాయి, నియామకాలు జరగలేదు. నలుగురు మిగిలారు. ఆ నలుగురు పన్నెండుమంది పాఠాలు చెబుతారు, పరీక్షలు నిర్వహిస్తారు, కమిటీలలో కూర్చుంటారు. పరిశోధనకు సమయం చిక్కదు, పత్రాలు తగ్గుతాయి. పత్రాలు తగ్గినందువల్ల గ్రాంటు రాదు. గ్రాంటు రానందువల్ల ప్రయోగశాల పాతబడుతుంది. పాతబడిన ప్రయోగశాలకు, ఎప్పుడో అరుదుగా ప్రకటన వెలువడినా, సమర్థులైన అభ్యర్థులు రారు. అప్పుడు ఆ శాఖకు ప్రమాణాలు లేవని నివేదికలో వ్రాస్తారు. ఈ విషవలయంలో మొదటి మెట్టు ఖాళీ ఉద్యోగమే తప్ప అధ్యాపకుల అసమర్థత కాదు.

ఖాళీల పరిమాణం ఎంత? 2022 చివర కేంద్ర విశ్వవిద్యాలయాలలోనే మంజూరైన దాదాపు 19 వేల అధ్యాపక ఉద్యోగాలలో ఆరు వేలకు పైగా ఖాళీగా ఉన్నట్లు ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లోని 18 విశ్వవిద్యాలయాలలో 3,220 అధ్యాపక ఉద్యోగాల భర్తీకి ప్రకటనలు వెలువడ్డాయి. ఒక్క పర్యాయం అన్ని ఖాళీలు ప్రకటించవలసి వచ్చిందంటే, అంతకుముందు ఎన్నేళ్ళు వాటిని అలాగే వదిలివేశారో గ్రహించవచ్చు. ఇన్ని ఖాళీలు పెట్టుకొని, రాబోయే యువ శాస్త్రజ్ఞుల కోసం అంటూ కోట్ల రూపాయల పరికరాలకు దరఖాస్తు పెట్టడం చూస్తే ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత గుర్తుకు రాకమానదు.

యంత్రం వచ్చిన తరువాత

గ్రాంటు మంజూరైందనుకుందాం. అప్పటి నుండి అసలు కథ మొదలవుతుంది.

రసాయనశాస్త్ర శాఖలు కోరుకునే ఎన్.ఎం.ఆర్. యంత్రాన్నే తీసుకోండి. దాని గుండె వంటిది అతివాహక అయస్కాంతం. దానిని ద్రవ హీలియంలో ముంచి ఉంచాలి. ఆ హీలియం పాత్ర చుట్టూ ద్రవ నత్రజని ఉండాలి. నత్రజనిని వారానికో పది రోజులకో నింపాలి. హీలియంను కొన్ని నెలలకొకసారి నింపాలి. సెలవులని, మార్చి నెలాఖరని, బిల్లు పాస్ కాలేదని ఆగడానికి వీలులేదు. హీలియం అడుగంటితే అయస్కాంతం ఒక్కసారిగా తన శక్తిని కోల్పోతుంది. దానిని మళ్ళీ నిలబెట్టడానికి లక్షలు ఖర్చవుతాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి నిలకడగల విద్యుత్తు, తేమ లేని గది, కంపనం లేని నేల కావాలి. ఈ పనులన్నీ ఎవరు చేస్తారు? శిక్షణ పొందిన సాంకేతిక సహాయకుడు చేస్తాడు. పరికరాల మెకానిక్కు, గాజు సామగ్రి తయారుచేసే పనివాడు, ఎలక్ట్రీషియను, స్టోరు గుమాస్తా, ప్రయోగశాల అటెండరు చేస్తారు. 1970వ దశకం నుండి గ్రాంట్ల సంఘం అనేక విశ్వవిద్యాలయాలలో పరికరాల కేంద్రాలను ప్రోత్సహించింది ఈ అవసరాన్ని గుర్తించే. ఆ తరం సిబ్బంది రిటైరయ్యారు. చాలా చోట్ల వారి కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఒక లెక్క చూద్దాం. పరికరం ధర మూడు కోట్లు. ఏటా నిర్వహణ ఒప్పందానికి ధరలో 5 శాతమే అనుకున్నా 15 లక్షలు. పదేళ్ళకు కోటిన్నర. గ్రాంటు కాలం సాధారణంగా ఐదేళ్ళు. ఆరవ ఏట ఆ 15 లక్షలు ఎవరు ఇస్తారో దరఖాస్తులో వ్రాసి ఉండదు. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడినట్లు, మూడు కోట్లు పెట్టినవారు నెలకు కొన్ని వేల జీతంగల సహాయకుని దగ్గర పొదుపు పాటిస్తారు.

పన్నుల సంగతి కూడా చెప్పాలి. విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ పరిశోధనా సంస్థలు కొనే శాస్త్రీయ పరికరాలకు 5 శాతం జి.ఎస్.టి. రాయితీ ఉండేది. 2022 జూలై 18 నుండి ఆ రాయితీని తొలగించారు. చాలా పరికరాలపై 18 శాతం పడింది. మూడు కోట్ల పరికరంపై తేడా 39 లక్షలు. అప్పటికే మంజూరైన గ్రాంటులో ఆ 39 లక్షలు లేవు. ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో తీసుకోవడం అంటే ఇదే. కనుక దరఖాస్తు వ్రాసేనాటికి అమలులో ఉన్న రేటును, అది మారే అవకాశాన్ని లెక్కలో చేర్చడం అవసరం.

కాంట్రాక్టు అధ్యాపకుని స్థానం

శాఖలో సగం పాఠాలు చెప్పేది కాంట్రాక్టు అధ్యాపకులు, గెస్టు అధ్యాపకులు. వారిలో డాక్టరేటు ఉన్నవారు, మంచి పత్రాలు ప్రచురించినవారు ఎందరో ఉన్నారు. అయినా పెద్ద గ్రాంట్లలో చాలావాటికి క్రమబద్ధమైన ఉద్యోగం ప్రాథమిక అర్హత. బోధనలో లెక్కకు వచ్చే మనిషి దరఖాస్తులో లెక్కకు రాడు. ఆ పరికరం తన శాఖలోకి వచ్చినా, దాని మీద తన పేరిట ఒక ప్రాజెక్టు అడిగే హక్కు అతనికి లేదు.

2018 నాటి గ్రాంట్ల సంఘం నిబంధనలు ఏమన్నాయి? కాంట్రాక్టు నియామకాలు మొత్తం అధ్యాపక ఉద్యోగాలలో 10 శాతం మించరాదని అన్నాయి. వారి వేతనం క్రమబద్ధమైన అసిస్టెంటు ప్రొఫెసరు మొత్తం నెలజీతానికి తగ్గరాదని కూడా అన్నాయి. 2019లో గెస్టు అధ్యాపకులకు ఆ సంఘమే తరగతికి 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50 వేలు అని నిర్ణయించింది. ఈ రెండూ ఎన్ని విశ్వవిద్యాలయాలలో అమలయ్యాయో ఈ సభలో కూర్చున్నవారికే బాగా తెలుసు. 2025 జనవరిలో విడుదలైన ముసాయిదాలో ఆ 10 శాతం పరిమితి మాయమైంది. పరిమితిని ఉల్లంఘించినవారిని సరిదిద్దడానికి బదులు పరిమితినే తీసివేయడం పాలకులకు సులభమైన పరిష్కారంగా తోచింది.

యువ శాస్త్రజ్ఞుల కోసం ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ వంటి పథకాలు ఉన్నాయి. ఐదేళ్ళు ఫెలోషిప్పు, పరిశోధనకు కొంత సొమ్ము ఇస్తారు. ఆ ఐదేళ్ళ తరువాత ఉద్యోగానికి హామీ లేదు. ఐదేళ్ళలో ఆ యువతి ఒక ప్రయోగశాలను నిలబెడుతుంది, విద్యార్థులను తయారుచేస్తుంది. ఆపైన పెట్టె సర్దుకొని మరొక ఊరు వెతుక్కోవలసి వస్తుంది. దీనిని ఆకర్షించడం అనవచ్చును గాని, నిలుపుకోవడం అని ఎలా అంటాము?

ఇందులో సామాజిక న్యాయం ప్రశ్న కూడా ఇమిడి ఉన్నది. రోస్టరు లెక్కకు శాఖ ప్రాతిపదికగా ఉండాలన్న 2017 తీర్పు వల్ల రిజర్వుడు ఉద్యోగాలు తగ్గిపోయే పరిస్థితి ఏర్పడినప్పుడు, దేశవ్యాప్తంగా ఆందోళన జరిగి, కేంద్ర విద్యాసంస్థలలో మొత్తం సంస్థనే ప్రాతిపదికగా తీసుకునే చట్టం 2019లో వచ్చింది. అది పోరాడి సాధించుకున్న హక్కు. శాశ్వత ఉద్యోగం ప్రకటిస్తేనే ఆ హక్కుకు విలువ. పథకం పేరిట తాత్కాలికంగా తీసుకునే నియామకాలలో రిజర్వేషన్లు తరచు పక్కకు తప్పుకుంటున్నాయి. కాబట్టి ఖాళీల భర్తీ అన్న నినాదంలో రోస్టరు ప్రకారం భర్తీ అన్నది విడదీయరాని భాగం.

అప్పు గ్రాంటు కాదు

మరొక ప్రమాదాన్ని కూడా ఎరుకలో ఉంచుకోవాలి. 2017లో ఉన్నత విద్యకు ఆర్థిక సహాయం పేరిట హెఫా అనే సంస్థను కేంద్ర ప్రభుత్వం, కెనరా బ్యాంకు కలిసి ఏర్పాటు చేశాయి. అది ఇచ్చేది అప్పు. 2008, 2014 మధ్య ఏర్పడిన సాంకేతిక విద్యాసంస్థలు అసలులో 25 శాతాన్ని, 2014కు ముందు ఏర్పడిన కేంద్ర విశ్వవిద్యాలయాలు 10 శాతాన్ని తమ సొంత వనరుల నుండి తీర్చాలని 2018లో నిర్ణయించారు. విశ్వవిద్యాలయానికి సొంత వనరు అంటే ఏమిటి? ప్రధానంగా విద్యార్థి కట్టే ఫీజు. పేద రైతు కూలీ బిడ్డ ఫీజుతో ప్రయోగశాల అప్పు తీర్చే పద్ధతిని మనం అంగీకరించలేము. పరిశోధనా సౌకర్యం ప్రజల ఆస్తి. దాని ఖర్చు ప్రజల ఖజానా భరించాలి.

దరఖాస్తులో ఏముండాలి

ఇంతవరకు రోగం చెప్పాను. ఇక చికిత్స. గ్రాంట్లను నిరాకరించండి అని నేను చెప్పడం లేదు. అడగాలి, గట్టిగా అడగాలి, బాగా వ్రాసి అడగాలి. అయితే దరఖాస్తు విశ్వవిద్యాలయం దాటేముందు సంఘం దానిని చదవాలి. ఈ క్రింది ఆరు విషయాలు అందులో ఉన్నాయో లేదో చూడాలి.

1. శాఖలో మంజూరైన ఉద్యోగాలు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, వచ్చే ఐదేళ్ళలో పదవీ విరమణలు ఎన్ని అన్న పట్టిక జతచేయాలి. ఖాళీలను ఏ సంవత్సరంలో, రోస్టరు ప్రకారం, ఎలా నింపుతారో రాష్ట్ర ప్రభుత్వం నుండి వ్రాతపూర్వకమైన హామీ తీసుకోవాలి.

2. ప్రతి పెద్ద పరికరానికి కనీసం ఒక శాశ్వత సాంకేతిక ఉద్యోగాన్ని విశ్వవిద్యాలయం తన బడ్జెటులో చూపాలి. ఆ సిబ్బందికి శిక్షణ, పదోన్నతి మార్గం ఉండాలి. ఇరవై ఏళ్ళు ఒకే హోదాలో మగ్గే సహాయకుడు కూడా అవకాశం రాగానే వెళ్ళిపోతాడు. నిలుపుకోవడం అన్నది అధ్యాపకులకే పరిమితమైన మాట కాదు.

3. గ్రాంటు కాలం ముగిసిన తరువాత ఐదేళ్ళ వరకు నిర్వహణకు, విద్యుత్తుకు, హీలియం వంటి వినియోగ సామగ్రికి సొమ్ము ఎక్కడి నుండి వస్తుందో వ్రాయాలి. బయటి సంస్థల నమూనాలు పరీక్షించి వసూలు చేసే రుసుమును ప్రత్యేక ఖాతాలో ఉంచి ఆ పరికరానికే వెచ్చించాలి.

4. కొత్తగా చేరే అధ్యాపకునికి చేరిన నాడే పనిచేసుకునే బల్ల, గది, విద్యుత్తు కనెక్షను, ప్రారంభ వ్యయం ఉండాలి. ఉత్తర్వు అందుకొని వచ్చి, రెండేళ్ళపాటు గది కోసం కార్యాలయాల చుట్టూ తిరిగినవాడు మూడవ ఏట మరొక చోట దరఖాస్తు పెడతాడు. అది అతని తప్పు కాదు.

5. పరికరం ఎవరి సొంతమూ కారాదు. దాని వాడకానికి అందరికీ కనిపించే పట్టిక పెట్టాలి. కాంట్రాక్టు అధ్యాపకులకు, పరిశోధక విద్యార్థులకు, చుట్టుపక్కల డిగ్రీ కళాశాలల వారికి దానిలో సమయం కేటాయించాలి. కాంట్రాక్టు అధ్యాపకుని కృషి నివేదికలో అతని పేరుతోనే నమోదు కావాలి.

6. ఒప్పందం చేసుకునే సంస్థ ప్రభుత్వ శాఖ అయినా ప్రైవేటు పరిశ్రమ అయినా, అది గ్రాంటా, అప్పా, పరిశ్రమ వాటానా అన్నది పాలకమండలిలో బహిరంగంగా చర్చించాలి. ఫీజుల పెంపుతో ముడిపడిన ఏ ఏర్పాటునూ అంగీకరించరాదు.

ఈ సమాచారం పాలకవర్గం స్వచ్ఛందంగా ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. మంజూరైన ఉద్యోగాలు, గ్రాంటు ఉత్తర్వులు, వినియోగ ధ్రువపత్రాలు రహస్య పత్రాలు కావు.

రెండు సందేహాలు

షరతులు పెడితే గ్రాంటు చేజారిపోతుందేమో అని కొందరు అధ్యాపక మిత్రులు భయపడుతున్నారు. ఈ భయాన్ని తేలికగా తీసివేయలేము. గడువు తేదీ దగ్గరపడినప్పుడు వాదన పెట్టుకుంటే నష్టం జరగవచ్చు. కనుక ప్రకటన వచ్చిన నాడు కాక, ఏడాది ముందు నుండే ఈ పట్టికలు సిద్ధం చేయాలి. ఖాళీల భర్తీకి, నిర్వహణకు హామీ ఉన్న దరఖాస్తు పరిశీలకుల దృష్టిలో బలహీనపడదు, బలపడుతుంది. తామిచ్చిన యంత్రం మూలపడాలని ఏ నిపుణుల సంఘమూ కోరుకోదు.

రెండవ సందేహం ఇతర రంగాల కార్మిక సోదరులది. బొగ్గుగనిలో, రవాణాలో, నేతలో పనిచేసే మాకు ఈ ప్రయోగశాలలతో ఏమి సంబంధం అని. గనిలోని ధూళి ఊపిరితిత్తులకు ఏమి చేస్తున్నదో, త్రాగునీటిలో ఫ్లోరైడు ఎంత ఉన్నదో, పరిశ్రమ వదిలే విషం చెరువులో ఎంత కలిసిందో యజమాని నియమించిన ప్రయోగశాల ఒక లెక్క చెబుతుంది. ఆ లెక్కను సరిచూడగల స్వతంత్రమైన ప్రయోగశాల ప్రజలకు అందుబాటులో ఉండేది విశ్వవిద్యాలయంలోనే. అక్కడ యంత్రం మూలపడినా, అధ్యాపకుడు రేపు ఉద్యోగం ఉంటుందో లేదో అని బెదిరినా, సత్యం చెప్పేవారు ఉండరు. స్థిరమైన ఉద్యోగం ఉన్నవాడే యజమానికి నచ్చని ఫలితాన్ని ధైర్యంగా సంతకం చేసి ఇవ్వగలడు. మీ బిడ్డలు చదివేది కూడా ఈ రాష్ట్ర విశ్వవిద్యాలయాలలోనే. వారికి శాస్త్రం పుస్తకంలో బొమ్మగా మిగలాలా, చేతితో తాకి నేర్చుకునే విద్య కావాలా అన్నది మనందరి సమస్య.

మన కర్తవ్యం

కొఠారీ కమిషను 1966లో విద్యపై జాతీయాదాయంలో 6 శాతం ఖర్చు చేయాలని సిఫారసు చేసింది. ఆ గమ్యాన్ని దేశం నేటికీ చేరలేదు. పరిశోధన ఒక చోట, బోధన మరొక చోట అన్న విభజన విశ్వవిద్యాలయాలను దెబ్బతీసిందని యశ్‌పాల్ కమిటీ 2009లో హెచ్చరించింది. ఈ పెద్ద ప్రశ్నలపై మన అఖిల భారత పోరాటం కొనసాగవలసిందే. దానితోపాటు ప్రతి విశ్వవిద్యాలయ శాఖలోనూ చేయదగిన చిన్న పని ఒకటి ఉన్నది.

ఇక్కడి నుండి తిరిగి వెళ్ళిన తరువాత మీ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుల, బోధనేతర సిబ్బంది, కాంట్రాక్టు ఉద్యోగుల, పరిశోధక విద్యార్థుల ప్రతినిధులతో ఒక ఉమ్మడి కమిటీ వేయండి. మొదటి నెలలో రెండు పట్టికలు తయారుచేయండి. ఒకటి, శాఖలవారీగా ఖాళీ ఉద్యోగాల పట్టిక. రెండు, గత పదేళ్ళలో గ్రాంటుపై వచ్చిన పెద్ద పరికరాలు, వాటిలో నేడు పనిచేస్తున్నవి, మూలపడినవి, మూలపడడానికి కారణం. ఆ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి గోడపై అతికించండి. పరికరం ఎక్కడ ఆగిందో, ఆ గదిలో ఏ ఉద్యోగం ఖాళీగా ఉన్నదో ఎవరూ వివరించనక్కరలేకుండానే అందరికీ తెలుస్తుంది. పట్టికల ప్రతులను ఫెడరేషన్ కార్యాలయానికి పంపితే, వాటి ఆధారంగా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు విజ్ఞాపన పత్రం తయారుచేయవచ్చు.

అధ్యాపకులు రావాలి, నిలవాలి అని ప్రభుత్వం అంటున్నది. మనమూ అంటున్నాము. వారు రావడానికి ఉద్యోగ ప్రకటన, నిలవడానికి ప్రయోగశాల, ఆ ప్రయోగశాల నడవడానికి సిబ్బంది కావాలి. ఈ మూడింటిలో దేనినీ విడిచిపెట్టకుండా, ఒకే కాగితంపై, ఒకే గొంతుతో అడుగుదాం.